తోడు లేకపోయినా పర్వాలేదు, ఒక రోజు మిగులుండాలి

మే మొదట్లో అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన బౌండరీ వాటర్స్‌లో ఒక్కదాన్నే కెనూలో (తెడ్డుతో నడిపే సన్నని పడవ) తిరిగొచ్చి, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నాలుగు ఫొటోలు పెట్టాను. మర్నాడు లేచేసరికి రాజమండ్రి నుంచి మా బాబాయి వాయిస్ మెసేజ్ ఉంది. "అమ్మాయ్, ధైర్యం వేరు, తెగింపు వేరు. పిల్లాడున్న తల్లివి. నీళ్ళ మీదకి తోడు లేకుండా వెళ్ళడాన్ని మా సరంగులు కూడా మెచ్చుకోరు."

బాబాయి ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. గోదావరి వరదల్ని గట్టు మీద నిలబడి చూసినవాడు. ఆయన మాటని చాదస్తం అని తోసేయలేను. పైగా ఇక్కడి స్నేహితులందరూ నన్నడిగింది ఎలుగుబంట్ల గురించి, తోడేళ్ళ గురించి, రాత్రిపూట భయమేయలేదా అని. నీళ్ళ గురించి అడిగింది ఆయనొక్కడే. అసలు భయపడాల్సింది దేనికో ఆయనకి తెలుసు. అందుకే ఈ జవాబు ఆయనకి.

నా అభిప్రాయం ఇది. వసంతంలో, మంచు అప్పుడే విడిచిన సరస్సుల మీద, మనిషిని ముంచేది ఎక్కువగా తొందర. తిరిగి రావాల్సిన తేదీ గట్టిగా ముడిపడి ఉన్నవాళ్ళు నలుగురు కలిసి కూడా ఆ నెలలో వెళ్ళకూడదు. ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఊరికే కూర్చోగలిగే సెలవూ తిండీ ఉన్నవాళ్ళు ఒంటరిగా వెళ్ళొచ్చు. తోడు ఉందా లేదా అన్నది దీని తర్వాత అడగాల్సిన ప్రశ్న.

నీళ్ళ లెక్క

పది లక్షల ఎకరాలు దాటిన అడవి, వెయ్యికి పైగా సరస్సులు, ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పడవని భుజాన మోసుకెళ్ళే, పోర్టేజ్ అనే కాలిబాటలు. బౌండరీ వాటర్స్ అంటే స్థూలంగా అదీ. ఏప్రిల్ ఆఖర్లోనో మే మొదటి వారాల్లోనో మంచుగడ్డ విడిపోతుంది. ఆ తర్వాత కొన్ని వారాల పాటు పైనా కిందా రెండు వేర్వేరు ఋతువులుంటాయి. పైన ఎండ, స్వెట్టర్ తీసేసేంత వెచ్చదనం. కింద నాలుగైదు డిగ్రీల నీళ్ళు. జూలైలో బోల్తాపడితే నవ్వుకుంటూ ఒడ్డుకి ఈదొస్తాం. మేలో అదే చోట, అదే పడవలోంచి, అదే ఈతగాడు పడితే సంగతి వేరు.

మానిటోబా యూనివర్సిటీలో చలినీళ్ళ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన "ఒకటి, పది, ఒకటి" లెక్క ఇక్కడ కెనూ నడిపేవాళ్ళకి బాగా తెలుసు. పడగానే ఊపిరి ఎగబీలుస్తాం, మన ప్రమేయం లేకుండానే. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే అంతే. ఊపిరి మళ్ళీ మన చేతికి రావడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ తర్వాత చేతులూ కాళ్ళూ మన మాట వినేది పది నిమిషాలు. స్పృహ పోవడానికి సుమారు గంట. చలికి గడ్డకట్టి చనిపోతారని చాలామంది అనుకుంటారు గానీ, చాలా మరణాలు అంతదాకా రాకముందే, మొదటి నిమిషాల్లోనే జరుగుతాయి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉంటేనే పనికొస్తుంది. పడవలో సామాను మీద పెట్టుకున్నది నీళ్ళలో పడ్డాక తొడుక్కోవడం జరగని పని.

ఇప్పుడు తోడు సంగతి చూద్దాం. ఇద్దరు కూర్చున్న కెనూ తిరగబడితే ఇద్దరూ అదే నిమిషంలో నీళ్ళలో పడతారు. ఇద్దరికీ అదే పది నిమిషాలు. తోడు పనికిరావాలంటే రెండో పడవ ఉండాలి, అది దగ్గరలో ఉండాలి, అందులోవాళ్ళకి నీళ్ళలో ఉన్న మనిషిని పైకి లాగడం చేతనై ఉండాలి, అదే అలలో ఆ పడవ నిలబడాలి. అలాంటి తోడు దొరికితే ఎంతో మంచిది. కానీ "ఎవరో ఒకరు పక్కన ఉండటం" అన్నది అంత తోడు కాదు.

2024 మే 18న ఇదే అడవిలో, ఐరన్ సరస్సు నుంచి క్రుక్డ్ సరస్సులోకి దూకే కర్టెన్ ఫాల్స్ మీదుగా రెండు కెనూలు కొట్టుకుపోయాయి. నలుగురు స్నేహితులు. ఇద్దరు పోయారు. గాలింపు రోజుల తరబడి సాగింది. వాళ్ళని తప్పు పట్టడానికి ఈ మాట ఎత్తలేదు, ఆ కుటుంబాల బాధ ఇంకా పచ్చిగానే ఉంటుంది. వసంతంలో పొంగిన నీళ్ళు మనం ఎంతమంది ఉన్నామో చూడవని చెప్పడానికే ఎత్తాను. బాబాయికి ఇది నేను చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో డెబ్బై మందికి పైగా ఉన్నారు. గోదావరి వరద మీద ఉండగా ఆ బోటు ఎందుకు బయల్దేరిందన్నదే అప్పుడు ఆయన పదేపదే అడిగిన ప్రశ్న.

ఆల్టన్ ఒడ్డున

లేక్ సుపీరియర్ ఒడ్డున టాఫ్టీ అనే చిన్న ఊరి నుంచి సాబిల్ ట్రెయిల్ రోడ్డు పట్టుకుని లోపలికి పోతే సాబిల్ సరస్సు వస్తుంది. అక్కడ నీళ్ళలోకి దిగి, సుమారు ఐదు వందల అడుగుల చిన్న పోర్టేజ్ దాటితే ఆల్టన్. పెద్ద సరస్సు, ఉత్తర దక్షిణాలుగా సాగి ఉంటుంది. మనం దిగేది తూర్పు ఒడ్డున. బెత్ సరస్సుకి పోయే బాట పడమటి ఒడ్డున. మధ్యలో దాక్కోవడానికి ఏమీ లేని నీళ్ళు.

నేను చేరేసరికి వాయవ్యం నుంచి గాలి. అలల తలల మీద తెల్ల నురగ. ఒక్క మనిషి ఉన్న కెనూకి గాలితో వచ్చే ఇబ్బంది నడిపినవాళ్ళకి తెలుసు. బరువు తక్కువ, ముక్కు తేలిగ్గా లేస్తుంది, లేచిన ముక్కుని గాలి పక్కకి తోసేస్తుంది. పెద్ద మూటని ముందుకి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుంటే కొంత నయం. కానీ అడ్డంగా వచ్చే అలకి ఆ ఉపాయాలు చాలవు. దగ్గరలో క్యాంప్‌సైట్ ఖాళీగా కనిపిస్తే అక్కడే దిగాను.

మర్నాడు కూడా గాలి తగ్గలేదు. ఆ రోజంతా అక్కడే ఉన్నాను. బిర్చి చెట్లకి ఇంకా ఆకుల్లేవు, అడవి లోపలిదాకా కనిపిస్తోంది. దోమలూ నల్ల ఈగలూ ఇంకా పుట్టలేదు, మేలో వెళ్ళేవాళ్ళకి దక్కే వరం అది. గ్రౌస్ అనే అడవికోడి ఎక్కడో మొద్దు మీద నిలబడి రెక్కలు కొడుతోంటే ఆ చప్పుడు చెవుల కన్నా ముందు గుండెల్లో తెలుస్తుంది. చారు పెట్టుకున్నాను. కట్టెలు ఏరాను. ఏమీ చేయకుండా చాలాసేపు కూర్చున్నాను.

మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళు పోర్టేజ్ దాటి వచ్చారు. ఒడ్డున ఆగి నాతో మాట్లాడారు. మంచి పిల్లలు. సోమవారం డ్యూటీ ఉందనీ, ఈ పూటే దాటకపోతే అనుకున్న చుట్టు పూర్తి కాదనీ చెప్పారు. ఆ గాలిని చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, దిగారు. రెండోవాడికి ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది. కానీ వాడు పైకి అనలేదు. నేను మాత్రం "ఆగితే మంచిదేమో, రేపు తెల్లవారుజామున తగ్గుతుంది" అన్నాను. వాళ్ళు క్షేమంగానే దాటారు. బైనాక్యులర్స్‌తో అవతలి ఒడ్డు చేరేదాకా చూశాను.

వాళ్ళు క్షేమంగా దాటారు కాబట్టి నేను ఆగడం అతిజాగ్రత్త అనొచ్చు. ఆ రోజు సాయంత్రం నాకూ ఆ ఆలోచన వచ్చింది. కానీ ఒకసారి దాటగలిగారన్నది ఆ గాలిలో దాటొచ్చనడానికి రుజువు కాదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ రెండో కుర్రాడి మౌనం. ఇద్దరున్నప్పుడు "వద్దు" అనడానికి ఒక ఖరీదుంటుంది. పిరికి అనుకుంటారేమో, ట్రిప్పు చెడగొట్టానంటారేమో. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఖరీదు లేదు. ఆగిపోతే అడిగేవాళ్ళు లేరు, దాటితే చూసి మెచ్చుకునేవాళ్ళూ లేరు. నా అనుభవంలో ఒంటరి ప్రయాణానికున్న అతిపెద్ద భద్రత ఇదే, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆ మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచాను. సరస్సు అద్దంలా ఉంది. అయినా అడ్డంగా కోయలేదు. దక్షిణం కొస చుట్టూ, ఒడ్డు వెంబడే వెళ్ళాను. దూరం బాగా పెరిగింది. నా నియమం ఒక్కటే: పడితే చేతులు పనిచేస్తుండగానే ఒడ్డు చేరగలగాలి. మేలో దీనికి మినహాయింపు పెట్టుకోను.

ఇక్కడి అనుమతుల పద్ధతి కూడా ఆగేవాళ్ళకి అనుకూలం. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి ఉండటానికి కోటా పర్మిట్ కావాలి. అందులో ఎక్కడ, ఏ రోజు లోపలికి దిగుతామన్నదే గట్టిగా ఉంటుంది. బయటికి ఎప్పుడు రావాలన్నది ఎవరూ కట్టడి చేయరు. కట్టడి చేసేది మన సెలవులే. మనవాళ్ళలో చాలామంది మే ఆఖరి సోమవారం సెలవొచ్చే మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌లో వెళ్ళి ఆ సోమవారం రాత్రికల్లా ఇంట్లో ఉండాలనుకుంటారు. ఏడాదికి పది, పదిహేను సెలవు రోజులు, అవి కూడా ఇండియా ప్రయాణానికి దాచుకోవాలి. ఆ పరిస్థితి నాకు తెలుసు, ఏళ్ళ పాటు నాదీ అదే. మిగులు రోజు ఉండాలని చెప్పడం సులువు, ఉండటం అందరికీ కుదరదు. కుదరనప్పుడు చిన్న సరస్సులు ఎంచుకోవచ్చు, లేదా నీళ్ళు వేడెక్కిన ఆగస్టు దాకా ఆగొచ్చు. పెద్ద సరస్సుని మేలో, తిరుగు తేదీ పెట్టుకుని దాటడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.

కాలు బెణికితే?

నా వాదనకి గట్టి దెబ్బ తగిలేది నీళ్ళ మీద కాదు, నేల మీద. దాన్ని దాచను.

పోర్టేజ్ దూరాలు ఇక్కడ రాడ్లలో చెబుతారు. రాడ్ అంటే పదహారున్నర అడుగులు, దాదాపు ఒక కెనూ పొడవు. మన సర్వేయర్ల 66 అడుగుల గొలుసులో సరిగ్గా నాలుగో వంతు, అందుకే బాబాయికి వెంటనే అర్థమైంది. 320 రాడ్లు ఒక మైలు. ఆల్టన్ నుంచి బెత్‌కి 140, బెత్ నుంచి గ్రేస్ సరస్సుకి సుమారు 285. ఒంటరిగా ఉంటే ముందు మూట మోసి, ఖాళీగా వెనక్కొచ్చి, మళ్ళీ పడవ మోయాలి. అంటే ప్రతి బాటా మూడు సార్లు నడవాలి. 285 రాడ్ల బాట కాస్తా రెండున్నర మైళ్ళు దాటుతుంది. పడవ నెత్తి మీద ఉన్నప్పుడు ముందు నాలుగడుగులు తప్ప ఏమీ కనిపించదు. వసంతంలో ఆ నాలుగడుగుల్లో తడి రాళ్ళుంటాయి, వేళ్ళుంటాయి, బురద, అక్కడక్కడా నీడలో మిగిలిన మంచు, చలికాలంలో పడి ఇంకా ఎవరూ తీయని చెట్లు.

అక్కడ కాలు విరిగితే ఇద్దరున్న జట్టుకీ ఒంటరి మనిషికీ ఉన్న తేడా చాలా పెద్దది. ఇద్దరుంటే ఒకరు కట్టు కడతారు, టెంట్ వేస్తారు, సాయానికి వెళ్తారు. ఒంటరిగా ఉంటే వాన పడుతుండగా పడ్డచోటే ఉండాలి. నా దగ్గర శాటిలైట్ మెసెంజర్ ఉంది. సెల్‌ఫోన్ సిగ్నల్ దాదాపు ఎక్కడా రాదు కాబట్టి అది లేకుండా వెళ్ళను. కానీ బటన్ నొక్కగానే ఎవరూ దిగిరారు. గంటలు పట్టొచ్చు, వాతావరణం బాగోకపోతే మర్నాడు కావొచ్చు. వచ్చేవాళ్ళలో చాలామంది వాలంటీర్లు, తమ పనులు మానుకుని, అదే చలినీళ్ళ మీద, ఒక్కోసారి చీకట్లో పడవేసుకుని వచ్చేవాళ్ళు. నేను తీసుకునే రిస్క్ నా ఒక్కదానిదే అనుకుంటే అది అబద్ధం. వాళ్ళకీ ఇళ్ళూ పిల్లలూ ఉంటారు.

దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నేను చేసేదేమిటంటే పడవనీ మూటనీ ఒకేసారి ఎత్తను, ఎంత తేలిక అనిపించినా. సాయంత్రం నాలుగు దాటాక పెద్ద పోర్టేజ్ మొదలుపెట్టను. అలసిన కాళ్ళే జారతాయి. ఇక్కడ కూడా మళ్ళీ మిగులు సమయం దగ్గరికే వచ్చాను. గ్రేస్ చేరాక ఫీబీ సరస్సు దాకా పోవాలని మొదట అనుకున్నాను. మధ్యలో నది. మంచునీళ్ళతో పొంగి ఉంది, బాట దిగే చోట ఒడ్డు మునిగింది. ఆల్టన్ దగ్గర ఆగడానికి వాడిన రోజు అప్పటికే అయిపోయింది. ఇంకొకటి మిగిలి ఉంది, దాన్ని తిరుగు దారిలో ఆల్టన్ కోసం అట్టేపెట్టాలి. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను.

ఒంటరితనం గురించి

మా అమ్మ బాధ మరోలా ఉంటుంది. "ఏం లోటొచ్చిందే ఇంట్లో, మనుషుల్ని వదిలి అడవిలో కూర్చోడానికి?" అంటుంది. ఇంట్లో మనుషుల మీద అలిగి వెళ్ళానేమో అని మా ఆయనని విడిగా ఫోన్ చేసి కనుక్కుంది కూడా.

ఈ సరస్సుల్లో ఒంటరితనం అంటే ఎవరైనా ముందు డోరతీ మోల్టర్ పేరు చెబుతారు. నర్సు చదువు చదివి, 1930లలో నైఫ్ లేక్ దీవుల్లోకి వచ్చి, 1986 డిసెంబరులో 79వ ఏట పోయేదాకా అక్కడే ఉన్న మనిషి. ఒక పత్రిక ఆమెని అమెరికాలోకెల్లా ఒంటరి మహిళ అని రాసింది. కానీ ఆమె దీవికి ఏటా వేలమంది కెనూల్లో వచ్చేవాళ్ళు. విమానాలు దిగడం నిషేధించాక సోడాలు తెప్పించడం కుదరక, తనే రూట్ బీర్ కాచి వచ్చినవాళ్ళకి పోసేది. దెబ్బలు తగిలినవాళ్ళకి కట్లు కట్టేది. ఈ ప్రాంతాన్ని చట్టప్రకారం నిర్జనారణ్యం చేసినప్పుడు మిగతావాళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చినా, జనం పట్టుబట్టడంతో ఆమెని బతికున్నన్నాళ్ళూ ఉండనిచ్చారు. ఎలీ ఊళ్ళో ఆమె చెక్క ఇళ్ళని తెచ్చి మ్యూజియంగా నిలబెట్టారు. అమ్మకి ఆమె కథ చెప్పాను. మనుషులంటే గిట్టకపోతేనే అడవికి పోతారనే ఊహ ఆమె జీవితం ముందు నిలవదు.

నేను కూడా అక్కడ పూర్తిగా ఒంటరిగా ఏమీ లేను. నేను నడిచిన బాటల్లో చాలావరకు ఈ ప్రాంతపు ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలూ వాళ్ళకి ముందున్నవాళ్ళూ పడవలు మోసి నడిచినవే. 1854 ఒప్పందంలో ఈ నేలని ప్రభుత్వానికి వదిలినా వేట, చేపల హక్కులు వాళ్ళు అట్టేపెట్టుకున్నారు. ఇది ఎవరూ లేని చోటని రాసేవాళ్ళని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. బాటకి అడ్డం పడ్డ చెట్లని ఏటా ఎవరో తీస్తున్నారు. అడవి లోపల మోటార్ రంపాలు వాడకూడదు కాబట్టి అటొకరూ ఇటొకరూ పట్టుకుని లాగే పెద్ద రంపాలతో కోస్తారు. బెత్ బాటలో కోసిన మొద్దు అంచుల్ని చూస్తూ నడిచాను. వాళ్ళ పని లేకపోతే నేను ఒంటరిగా సగం దూరం కూడా పోలేను.

రోజూ సాయంత్రం టెంట్ వేసుకున్నాక ఇంటికి ఒక మెసేజ్ పంపాలని మా ఆయన షరతు. మొదట్లో ఆ షరతు నాకు నచ్చలేదు. మెసేజ్ వెళ్ళకపోతే వాళ్ళకి టెన్షన్, మబ్బులకో చెట్లకో అది ఆలస్యమైతే నాకు టెన్షన్. ఇప్పుడు నచ్చింది, ఒక చిన్న మార్పుతో. మెసేజ్ రాకపోతే మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరికీ ఫోన్ చేయకూడదు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకి కూడా ఆగడం తెలియాలి, నిజానికి వాళ్ళ ఆగడమే నాదానికన్నా కష్టం. నేను కనీసం గాలిని చూస్తుంటాను. వాళ్ళకి చూడటానికి ఫోన్ తప్ప ఏమీ లేదు. బాబాయి "పిల్లాడున్న తల్లివి" అన్నమాట నాకు గుచ్చుకుంది ఇక్కడే.

ఆ పిల్లాడికి ఇప్పుడు కాలేజీ మొదటి ఏడాది. వచ్చే వసంతంలో తనూ ఒంటరిగా వెళ్తానంటున్నాడు. వాడికి ఈత నాకన్నా బాగా వచ్చు, పడవ నాకన్నా వేగంగా నడుపుతాడు. అయినా ముందు ఆగస్టులో వెళ్ళమన్నాను. "నువ్వు మేలో వెళ్ళావుగా" అన్నాడు. వెళ్ళాను. వాడికి చేతకాదని కాదు, గాలి తగ్గేదాకా ఒక రోజంతా రాయి మీద కూర్చోగలడో లేదో నాకింకా తెలియదు. పరీక్షలు అయిపోయిన రోజుకీ వేసవి ఉద్యోగం మొదలయ్యే రోజుకీ మధ్య ఎన్ని రోజులున్నాయో కాగితం మీద రాసుకురమ్మన్నాను. అనుకున్న దారికి పట్టే రోజులు పోగా రెండు మిగిలితే మాట్లాడదాం, లేకపోతే లేదు అన్నాను. బాబాయికి ఈ షరతు చెబితే, రెండు చాలవు, మూడు చెయ్యి అన్నాడు. మూడు చేశాను.